ఎర్ర గడి

బుధవారం బడి పన్నెండున్నరకే వదిలేస్తారు. క్లాసు పిల్లల ట్యాబ్లెట్లు తుడవడానికి హిస్కె టీచరుకి ఆ పూటే వీలు. మొత్తం ఇరవై ఎనిమిది. వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, ఒక్కో తెర మీది వేలిముద్రలు తుడుస్తూ పోతుంది. జిడ్డు ఎక్కడ పేరుకుందో చూస్తే చాలు, అది ఎవరి ట్యాబో చెప్పగలదు. యోరిత్‌ది కుడివైపు కింద మూల, ‘తర్వాతి లెక్క’ అని ఉండేచోట, వెన్న రాసినట్టుంటుంది. నూరీది పదాలు చదివి వినిపించే చెవి బొమ్మ మీద. ఫార్దౌది మాత్రం తెరంతా ఒకేలా మురికి, ఏ జవాబైనా ఒకటే అన్నట్టు.

ఈ తుడిచే పని ఎవరిదో ఏ కాగితంలోనూ రాసిలేదు. ట్యాబ్లెట్లు వచ్చిన మొదటి నెలలో, చూడలేక, తనే ఒకసారి తుడిచింది. అప్పట్నుంచి అది ఆమె పనే అయింది. ఇంట్లోనూ పనులు ఆమెకి ఇలాగే సంక్రమించాయి. అత్తగారిని ఒక గురువారం కాలి గోళ్ల వైద్యం చేసేచోటికి తీసుకెళ్లింది. పదకొండేళ్లుగా ప్రతి గురువారమూ తీసుకెళ్తూనే ఉంది.

ఆమెది మూడు రోజుల ఉద్యోగం. సోమ, మంగళ, బుధ. మిగతా రెండు రోజులూ క్లాసుకి ఇంకో టీచరు వస్తుంది. కొడుకు వెస్సెల్ పుట్టినప్పుడు భర్త దౌవె అన్నాడు, "ఇద్దరిలో ఎవరో ఒకరం తగ్గించుకోవాలి కదా" అని. ఆ ‘ఎవరో ఒకరు’ ఎవరో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు, పొత్తిళ్లలో ఉన్నవాడితో సహా. ఆ వెస్సెల్‌కి ఇప్పుడు పదహారేళ్లు. రొట్టె మీద చాక్లెట్ పలుకులు చల్లుకోవడం వచ్చు, తిన్న ప్లేటు తీయడం రాదు. తగ్గించుకున్న రోజులు మాత్రం మళ్లీ ఆమె చేతికి రాలేదు. గురువారం అత్తగారిది. శుక్రవారం బజారుది, బట్టలది, దౌవె తమ్ముడి పిల్లలది. "నీకు సెలవే కదా" అంటారు అందరూ. ఆ మాట వింటే, తనకేదో దానంగా ఇచ్చినట్టు, దానికి తను ఇంకా కృతజ్ఞత చెప్పనట్టు ఉంటుంది ఆమెకి. దౌవె చెడ్డవాడు కాదు. గట్టిగా మాట్లాడిన రోజు లేదు. పొలాలు కొలిచే ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఫోన్ చేస్తాడు. ఫోన్ మోగితే హిస్కెకి ముందే తెలుసు, ఏదో ఆగిపోయి ఉంటుంది, లేకపోతే ఏదో కనపడకుండా పోయి ఉంటుంది.

హెడ్మాస్టరు హార్మెన్ కాఫీ కప్పుతో వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. పద్నాలుగేళ్ల కింద ఇదే క్లాసులో, ఆమె దగ్గరే పాఠం చెప్పడం నేర్చుకున్నవాడు.

"హిస్కె, చిన్న పని."

చిన్న పని అన్నాడంటే పెద్దదే. ఆమె గుడ్డ పిండుతూ ఉండిపోయింది.

"బడి బోర్డు వాళ్లు వచ్చే ఏడు నుంచి అన్ని పాఠాలూ ట్యాబ్ మీదే పెడదామంటున్నారు. దానికి పిల్లల అభిప్రాయాలు కావాలట. ట్యాబ్ మీద నేర్చుకోవడం వాళ్లకెలా ఉందో నువ్వు కూర్చోబెట్టి అడుగు. నీతో అయితే మాట్లాడతారు. నేను అడిగితే గోడకేసి చూస్తారు."

"ఎప్పుడు అడగను?"

"నీకు వీలైనప్పుడే. గురు శుక్రవారాలు నీవే కదా, అప్పుడు రాసుకోవచ్చు. బోర్డు ముందు నేను చెప్తాలే. నీకు ఆ శ్రమ ఎందుకు."

తర్వాతి సోమ, మంగళవారాల్లో నలుగురేసి పిల్లల్ని కోట్లు తగిలించే వసారాలోకి తీసుకెళ్లింది. బయట వారంగా వాన. తడి బూట్ల వాసన మధ్య పొట్టి బల్ల మీద వాళ్లు, ఎదురుగా బోర్లించిన పెట్టె మీద ఆమె, ఒళ్లో నోటుబుక్కు.

"బాగుంటుంది టీచర్" అన్నాడు యోరిత్. "నక్షత్రాలొస్తాయి. నాకు తొమ్మిది వందల పన్నెండు. సీట్సెకి మూడొందలు కూడా లేవు."

"ఉన్నాయి. మూడొందల నాలుగు" అన్నాడు సీట్సె.

"అయినా నువ్వే లాస్టు."

"లెక్క పూర్తిగా చదువుతావా యోరిత్?" అని అడిగింది.

"చదవక్కర్లేదు టీచర్. నాలుగు జవాబులుంటాయి. మొదటిది కాకపోతే రెండోది. వేలికి అలవాటైపోయింది."

"నేనొకసారి మోచేత్తో నొక్కాను. అప్పుడూ శభాష్ అనే అంది" అన్నాడు సీట్సె, దాని మీద నమ్మకం పోయినవాడిలా.

నూరీ సిరియా నుంచి వచ్చి రెండేళ్లయింది. "నాకు ట్యాబే ఇష్టం" అన్నాడు మెల్లగా. "మాట అర్థం కాకపోతే చెవి బొమ్మ నొక్కుతాను. పదిసార్లు నొక్కితే పదిసార్లూ చెప్తుంది. నవ్వదు."

"ఎవరు నవ్వుతారు నూరీ?"

నూరీ తన బూటు కేసి చూశాడు. యోరిత్ కూడా తన బూటు కేసే చూశాడు.

మర్నాడు చివరి గుంపులో లీవ్కె అనే పిల్ల చాలాసేపు ఆలోచించి చెప్పింది. "నోటుబుక్కులో తప్పు చేస్తే, రబ్బరుతో చెరిపినా గీత కనిపిస్తుంది టీచర్. ఎక్కడ తప్పానో తెలుస్తుంది. ట్యాబ్‌లో తప్పు మాయమైపోతుంది."

"ఎక్కడికి పోతుందంటావ్?"

"మీ దగ్గరికి."

ఆ మాట నిజమే. టీచరు బల్ల మీద పెద్ద తెర ఒకటి ఉంటుంది. అందులో క్లాసంతా గడులు. ఒక్కో గడి ఒక్కో పిల్ల, కింద పేరు. లెక్కలు సరిగా వస్తుంటే గడి పచ్చగా ఉంటుంది, తడబడితే నారింజ రంగుకి, తప్పుల మీద తప్పులు చేస్తే ఎరుపుకి మారుతుంది. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన స్పష్టంగానే చెప్పాడు. "ఎర్రగా ఉన్నచోటికి వెళ్లండి. పచ్చగా ఉన్నవాళ్ల జోలికి పోకండి, వాళ్లు వాళ్లంతట వాళ్లే సాగిపోతారు." హిస్కె అలాగే చేస్తోంది. ఇరవై ఎనిమిది మందికి తనొక్కతె. ఇంకెలా చేస్తుంది?

ఆ గుంపులో మిగిలింది ఫార్దౌ. ఎనిమిదేళ్లు. తెల్లటి కనుబొమ్మలు, ఎప్పుడూ కొంచెం పొట్టిగా ఉండే స్వెటర్ చేతులు. వాళ్లమ్మ యాంచె పాలపొడి ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో చేస్తుంది. ఇంకెవరూ లేరు.

"నీకెలా ఉంటుంది ఫార్దౌ?"

"బానే ఉంటుంది."

"ఏది బాగుంటుంది?"

పిల్ల స్వెటర్ చేతులు కిందికి లాక్కుంది. "మీ తెర మీద మేం గడులం కదా టీచర్. పచ్చగా ఉంటే మీరు రారు. ఎర్రగా అయితే వస్తారు. వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటారు. నా కుర్చీ మీద చెయ్యేస్తారు."

"అవును."

"అందుకని ఎరుపు చేస్తాను."

హిస్కె చేతిలో కలం ఆగింది. "ఎలా చేస్తావ్?"

"ముందు కరెక్టుది ఏదో చూసుకుంటాను. చూసుకుని, పక్కదాన్ని నొక్కుతాను."

"అది మోసం" అంది లీవ్కె.

"మోసం కాదు" అంది ఫార్దౌ, నింపాదిగా. "నేనెవరి నక్షత్రాలూ తీసుకోలేదు."

పిల్లల్ని క్లాసులోకి పంపేసి హిస్కె ఆ పెట్టె మీదే కూర్చుండిపోయింది. ఆమెకి గుర్తొచ్చింది ఫార్దౌ కాదు, తన పడకగది. పదకొండేళ్ల కింద ఒక ఫిబ్రవరిలో ఆమెకి గట్టి జ్వరం తగిలింది. నాలుగు రోజులు దౌవె మంచం అంచున కూర్చున్నాడు. టీలో తేనె కలిపి తెచ్చాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని తియ్యడం మర్చిపోయి, తన చిన్నప్పటి సంగతులు ఏవో చెప్పాడు. అయిదో రోజు పొద్దున్నే జ్వరం జారిపోయింది. ఒళ్లు తేలిగ్గా ఉంది. లేచి వంటింట్లోకి వెళ్లగలదు. అతను గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది?" అని అడిగితే, "ఇంకా తగ్గలేదు" అని చెప్పింది. దుప్పటి కప్పుకుని ఆ ఒక్క రోజూ దొంగతనంగా మంచం మీద గడిపింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. నలభై అయిదేళ్ల మనిషి సిగ్గుపడి దాచుకున్నదాన్ని ఎనిమిదేళ్ల పిల్ల నలుగురిలో, తడి బూట్ల మధ్య, మామూలుగా చెప్పేసింది.

అప్పుడు మార్చి నెల గుర్తొచ్చింది. ఫార్దౌ గడి ఏడాదికి పైగా ఎరుపులోనే ఉండిపోవడంతో, ఆ తప్పుల్ని లెక్కగట్టి ట్యాబే పిల్లని కింది తరగతి లెక్కల్లోకి దించుతూ పోయింది. చివరికి పక్క పట్నం లీవార్డెన్‌లో మందబుద్ధి పిల్లల కోసం నడిపే ప్రత్యేక బడికి పంపాలని సిఫారసు తయారైంది. ఆ కాగితం పిల్లల బడి మార్పు తేల్చే కమిటీకి వెళ్లాలంటే క్లాసు టీచరు సంతకం ఉండాలి. హిస్కె పెట్టింది. పిల్ల పక్కన రోజుకి నాలుగుసార్లు కూర్చుంది, లెక్క మళ్లీ చెప్పింది, కుర్చీ మీద చెయ్యేసింది. ఆ పిల్ల ముఖంలోకి మాత్రం ఒక్కసారీ చూడలేదు. లేచేటప్పటికే ఇంకో గడి ఎర్రబడి ఉండేది.

హార్మెన్‌కి చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

"పిల్లలు ఏవేవో అంటారు హిస్కె. పద్నాలుగు నెలల అంకెలు ఒకవైపు, కోట్ల గదిలో అన్న ఒక్క మాట ఒకవైపు."

"ఆ అంకెలు ఆ పిల్ల కావాలని చేసినవి."

"అని ఆ పిల్ల అంటోంది. చదువులో వెనకబడ్డవాళ్లకి అలా చెప్పుకోవడం తేలిక." తర్వాత గొంతు తగ్గించాడు. "కమిటీ నిర్ణయం అయిపోయింది. ఇప్పుడు తప్పంటే, ఆ తప్పు ఎవరిదవుతుందో ఆలోచించావా? సంతకం నీది."

వారం తర్వాత, ఆమె రాసిచ్చిన మాటల్లోంచి హార్మెన్ తయారుచేసిన బోర్డు నివేదిక ఆమె ఉత్తరాల పెట్టెలో పడింది. రెండే పేజీలు. యోరిత్ నక్షత్రాలున్నాయి. నూరీ చెవి బొమ్మ ఉంది. లీవ్కె మాట లేదు, సీట్సె మోచెయ్యి లేదు. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘గడి ఎర్రబడగానే టీచరు సాయం అందుతుందని పిల్లలకు గట్టి నమ్మకం; ఆ సాన్నిహిత్యాన్ని వారు ఎంతో విలువైనదిగా భావిస్తున్నారు.’ ఫార్దౌ మాటని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, అక్కడ పెట్టారు. కింద హార్మెన్ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ‘సహకారం’ అని ఆమె పేరు.

"పిల్లలు చెప్పింది చెప్పినట్టు పెట్టు. లేకపోతే నా పేరు తీసెయ్యి" అంది.

"తీసేస్తాను, దానికేముంది" అన్నాడు హార్మెన్. ఆమె అక్కడ ఉండగానే తీసేశాడు. పట్టుమని పది క్షణాలు పట్టలేదు.

గురువారం మధ్యాహ్నం ఆమె అత్తగారింటికి వెళ్లలేదు. "ఈవాళ కుదరదు అత్తయ్యా" అని ఫోన్ చేసింది. "సరేలేమ్మా. నా కాళ్లేగా" అంది ఆవిడ.

కాలవ పక్కన యాంచె ఇల్లు. ఫ్యాక్టరీ యూనిఫారంలోనే ఉంది, అప్పుడే వచ్చినట్టుంది. కెటిల్ పెట్టి, బిస్కెట్ల డబ్బా మూత తీసి ఒక్కటి చేతికిచ్చి, మళ్లీ మూత పెట్టేసింది. హిస్కె వచ్చిన సంగతి చెప్పింది. ముందు రాసుకున్న మాటలేవీ రాలేదు.

"నేను తప్పు రాశాను యాంచె. ఫార్దౌకి లెక్కలు వచ్చు."

యాంచె కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది. ఆమె టేబుల్ మీది గుడ్డ మడత సవరించింది.

"నాకు లెక్కలు రావు" అంది. "నన్నూ చిన్నప్పుడు అలాంటి బడికే పంపారు. మీ ఉత్తరం వచ్చినప్పుడు ఇది నా పోలికే అనుకున్నాను. పిల్లతో కూడా అదే చెప్పాను. మనిద్దరం ఇంతేనమ్మా, ఏడవకు, అన్నాను. అది ఏడవలేదు కూడా."

ఫార్దౌ బడి నుంచి వచ్చాక హిస్కె వంటింటి బల్ల మీద కాగితం పరిచి పన్నెండు లెక్కలు రాసింది, తరగతికి తగినవి, చివరి రెండూ పై తరగతివి. పిల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. పెన్సిల్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఫార్దౌ మధ్యమధ్యలో ఆమె వైపు చూసి, ఉందని చూసుకుని, మళ్లీ రాసింది. పావుగంటలో కాగితం తిప్పి ఇచ్చింది. పన్నెండూ సరిగ్గా ఉన్నాయి. యాంచె భుజం మీదుగా వంగి చూసింది. జవాబులు ఒప్పో తప్పో ఆమెకి తెలీదు, హిస్కె ముఖం చూసి తెలుసుకుంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని సింకు వైపు తిరిగిపోయింది.

"అన్నీ కరెక్టేగా టీచర్?" అంది ఫార్దౌ.

"అన్నీ కరెక్టే."

పిల్ల తల ఊపి, పెన్సిల్ డబ్బాలో పెట్టేసింది. "అయితే ఇక మీరు వెళ్లిపోతారు."

ఆ సాయంత్రం బంగాళాదుంపలు తొక్క తీస్తూ దౌవెకి చెప్పింది, కమిటీకి ఉత్తరం రాస్తున్నానని, తన అంచనా తప్పని ఒప్పుకుంటున్నానని. అతను వార్తలు చూస్తున్నవాడు అటునుంచి తల తిప్పకుండానే విన్నాడు.

"నీ చేత్తో నువ్వే రాసిస్తావా? ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆఫీసులో నా పక్కన కూర్చునేవాళ్ల పిల్లలంతా ఆ బళ్లోనే ఉన్నారు." టీవీ చప్పుడు తగ్గించి, "అమ్మ ఫోన్ చేసింది. గోరు లోపలికి పెరిగిందట. నువ్వు వెళ్లలేదట" అన్నాడు.

"వెళ్లలేదు."

"ఉన్నది మూడు రోజుల ఉద్యోగం. దాన్ని నెత్తికెత్తుకుని నాలుగో రోజు కూడా ఆ పిల్లకేనా?"

మాట పెంచితే అతను బాధపడతాడు, అతను బాధపడితే ఓదార్చాల్సింది తనే. దుంపలు పొయ్యి మీద పెట్టి, అదే బల్ల మీద ఒక మూల తుడుచుకుని ఉత్తరం రాసింది. ‘నేను ఆ పిల్లను చూడలేదు, గడిని చూశాను’ అని రాసింది. పన్నెండు లెక్కల కాగితమూ, వసారాలో రాసుకున్న నోటుబుక్కు పేజీలూ జతచేసింది. ఒక నకలు కమిటీకి, ఒకటి యాంచెకి, ఒకటి హార్మెన్‌ని దాటేసి నేరుగా బోర్డుకి.

బోర్డు నుంచి జవాబు రాలేదు. కమిటీ నుంచి జూన్ చివర్లో వచ్చింది. ఒక్క మధ్యాహ్నం, ఇంటి దగ్గర, టీచరు పక్కన ఉండగా చేసిన లెక్కల్ని ప్రమాణంగా తీసుకోలేమన్నారు. పిల్ల ప్రత్యేక బడిలో ఒక ఏడాది చదవాలి, ఆ తర్వాత పరిశీలిస్తామన్నారు. టీచరు నిజాయితీని అభినందించారు. అభినందించిన వారానికే హార్మెన్ ఆమెని పిలిచి, వచ్చే ఏడు ఇదే క్లాసు ఇవ్వలేనని, చిన్న తరగతుల్లో సాయం చేసే పని చూడమని చెప్పాడు. "కొంచెం విశ్రాంతిగా ఉంటుంది నీకు" అన్నాడు. యాంచె అప్పీలు చేయలేదు. "షిఫ్టులు మానుకుని ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు టీచర్? తిరిగినా నా మాట వింటారా?" అంది. అందులో నిష్ఠూరం లేదు. అలవాటుంది.

సెప్టెంబరు మొదటి సోమవారం ఫార్దౌ తెల్ల వ్యానెక్కి లీవార్డెన్ వెళ్లింది.

ఆ వారమే ఇంట్లో, రొట్టెలు తింటుండగా, హిస్కె అంది. "గురువారం మీ అమ్మని నువ్వు తీసుకెళ్లు. లేకపోతే వెస్సెల్ తీసుకెళ్తాడు."

"నాకు ఆఫీసుంది కదా" అన్నాడు దౌవె, అది ఆమెకి తెలియని సంగతేమో అన్నట్టు.

"ఉంది."

"మరి నువ్వెక్కడికి?"

"ఫార్దౌకి లెక్కలు చెప్పడానికి. ప్రతి గురువారం. ఏడాది తిరిగేసరికి ఎవరూ కాదనలేనంతగా."

"ఊరికేనా? నీకెవరిస్తారు దానికి జీతం?"

హిస్కెకి నవ్వొచ్చింది. ఇన్నేళ్లలో ఆమె చేసిన ఒక పనికి జీతమెంతని అతను అడగడం అదే మొదటిసారి. నవ్వలేదు. "గోళ్ల డాక్టరు రెండున్నరకి. ఆలస్యమైతే ఆవిడకి కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, ముందే బయల్దేరండి" అని, తన ప్లేటు ఒక్కటీ తీసుకెళ్లి కడుక్కుంది. మిగతా రెండు ప్లేట్లూ బల్ల మీదే ఉన్నాయి.

గురువారం యాంచె షిఫ్టుకి వెళ్తూ తాళం వెయ్యకుండా ఉంచింది. ఫార్దౌ వ్యాను దిగి వచ్చి, స్వెటర్ చేతులు లాక్కుంటూ బల్ల దగ్గర కూర్చుంది. కొత్త బడి ఎలా ఉందని అడిగితే, "అక్కడా ట్యాబే టీచర్. గడులు ఇంకా పెద్దవి" అంది. హిస్కె మొదటి లెక్క రాసింది. నలభై ఎనిమిదిని ఆరుతో భాగించాలి. పిల్ల కాగితం కేసి చూసింది. హిస్కె వేసుకున్న తడి కోటు కేసి, మెడదాకా పెట్టుకున్న గుండీల కేసి చూసింది. పెదాలు కదిపి సరైన జవాబు లోపలే అనుకోవడం హిస్కెకి కనిపించింది. తర్వాత పెన్సిల్ తీసుకుని, గుండ్రంగా, నీటుగా, తొమ్మిది అని వేసింది.

హిస్కె లేచి కోటు విప్పి తలుపు వెనక తగిలించి వచ్చింది. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, పిల్ల ముఖంలోకి చూస్తూ కూర్చుంది.